పాత కారుకు కార్బురేటరే ఉంచాలా, ఇంజెక్షన్ పెట్టాలా?

పాత కారు షెడ్డులోకి వచ్చిన కొన్నాళ్లకే ఈ ప్రశ్న మొదలవుతుంది. గాలి ఈడ్పుతో పెట్రోలును కలిపి ఇంజన్‌కు అందించేది కార్బురేటర్, పెట్రోలును ఒత్తిడితో లెక్కగా చిమ్మేది ఇంజెక్షన్. పొద్దున సెల్ఫ్ కొడితే బండి ఒక పట్టాన అందుకోదు. అందుకున్నాక చోక్ తోసేస్తే ఆగిపోతుంది. ఎండలో పది నిమిషాలు ఆపి మళ్లీ తీయబోతే మొరాయిస్తుంది. "ఆ కార్బురేటర్ పీకేసి ఇంజెక్షన్ పెట్టు, పీడ వదులుతుంది" అని ఒకరంటారు. "ఉన్నదాన్ని విప్పి శుభ్రం చేసుకో, ఇంకో ముప్పై ఏళ్లు నడుస్తుంది" అని ఇంకొకరంటారు. రెండింట్లోనూ నిజం ఉంది. అయితే జబ్బు అసలు కార్బురేటర్‌లోనే ఉందా అని మాత్రం ఇద్దరూ అడగరు.

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. ఇంటి దగ్గర సొంతంగా పని చేసుకునేవాళ్లలో ఎక్కువమందికి కార్బురేటర్ మరమ్మతు, దానికి తోడు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ (స్పార్క్ పుట్టించే ఏర్పాటు) చాలు. ఇంజెక్షన్ చెడ్డదని కాదు. డబ్బాలో వచ్చే సామాను ఆ పనిలో చిన్న సగమే. పెద్ద సగం పెట్రోలు ట్యాంకులో, వైరింగులో, చార్జింగులో ఉంటుంది.

ముందు నిప్పు సంగతి

కార్బురేటర్ రోగాల్లో సగం, ఒక్కో సిలిండర్‌కు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌లో ఉంటాయని అనుభవమున్న మెకానిక్కులు అంటారు. ఆ మాటలో అతిశయోక్తి తక్కువే. పాత ఇగ్నిషన్‌లో ఒక జత కాంటాక్ట్ పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా కాయిల్‌లో కరెంటు తెగి స్పార్క్ పుడుతుంది. 1910 ప్రాంతంలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఈ పద్ధతి ఆరేడు దశాబ్దాలు దాదాపు అలాగే సాగింది. చాలా కార్లలో పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్ల అటూ ఇటూ ఉంటుంది. కామ్ మీద రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, దాంతోపాటే టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, వెనక్కి జరుగుతుంది. పికప్ పోతుంది, ఇంజన్ వేడెక్కుతుంది, మైలేజీ పడిపోతుంది. ఈ లక్షణాలన్నీ చూసి మనం తిట్టేది కార్బురేటర్‌నే.

పాయింట్ల స్థానంలో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కిందే సర్దుకునే చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టడం ఒక పూట పని. బయటికి కనపడదు, వద్దనుకుంటే తీసేయొచ్చు. దానివల్ల కొత్త శక్తేమీ రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఒకసారి సెట్ చేసిన టైమింగ్ కదలకుండా ఉంటుంది, అసలు లాభం అది. పాయింట్లు చెడేటప్పుడు ముందే సణుగుతాయి. మాడ్యూల్ మాత్రం చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. అందుకే సెట్ చేసి ఉంచిన పాయింట్లు, కండెన్సర్ ఒక జత డిక్కీలో పడేసి ఉంచడం మంచి అలవాటు. అలాగే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగి ఊగుతుంటే ఏ మాడ్యూల్ పెట్టినా దండగే, ముందు బుష్ మార్చాలి.

అంతకంటే ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) చూడండి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకుండా ఉంటేనే మిగతా ట్యూనింగ్‌కు అర్థం. వాల్వ్ క్లియరెన్స్ కూడా అప్పుడే చూసుకోవాలి. ఈ రెండూ బాగుండి, నిప్పు సరిగ్గా పడుతున్నాక కూడా గొడవ మిగిలితే అప్పుడు పెట్రోలు వైపు తిరగాలి.

కార్బురేటర్: అరిగేది ఎక్కడ?

విడి భాగాలు చూస్తే భయం వేస్తుంది గానీ కార్బురేటర్‌లో జరిగే పని తేలికైనదే. గాలి ఇరుకు గొంతులోంచి వేగంగా పోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది, ఆ తగ్గుదల జెట్ అనే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క గుండా పెట్రోలును పైకి లాగుతుంది. బౌల్ అనే చిన్న గిన్నెలో తేలే ఫ్లోట్ పెట్రోలు మట్టాన్ని నిలబెడుతుంది. ఐడ్లింగ్‌కు, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగేటప్పుడు, వేరే జెట్, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే కాస్త ఎక్కువ చిమ్మడానికి చిన్న పంపు, చల్లటి ఇంజన్‌కు చోక్. ఎస్‌యూ అనే బ్రిటిష్ కంపెనీ తరహాది అయితే జెట్లు మార్చే పని లేకుండా ఒక పిస్టన్, దానికి వేలాడే సూది పైకీ కిందికీ కదులుతూ మిశ్రమాన్ని సర్దుతాయి. పిస్టన్ పైనున్న డ్యాంపర్‌లో నూనె అయిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది. దానికి మందు నాలుగు చుక్కల నూనె. అంతమాత్రానికే కార్బురేటర్లు మార్చేసినవాళ్లున్నారు.

ఎక్కువ మంది రిపేర్ కిట్ కొంటారు, గాస్కెట్లు, నీడిల్ వాల్వ్ మారుస్తారు, బిగించి చూస్తే ఐడ్లింగ్ మళ్లీ ఎగుడుదిగుడుగానే ఉంటుంది. కిట్‌లో లేనిదే ఎక్కువగా అరుగుతుంది కాబట్టి అలా జరుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే గాలి దారి తెరిచే థ్రాటిల్ ప్లేటును తిప్పే ఇరుసు, అది కూర్చునే రంధ్రం దశాబ్దాల పాటు రాసుకుని వదులవుతాయి, ఆ సందులోంచి లెక్కలో లేని గాలి లోపలికి పోతుంది. ఇరుసును వేలితో పైకీ కిందికీ ఊపితే ఆట తెలుస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆ చోట కొద్దిగా క్లీనర్ స్ప్రే కొట్టినప్పుడు ఇంజన్ శబ్దం మారితే లీకు అక్కడే. పక్కనే కాలే ఎగ్జాస్ట్ ఉంటుంది, ఆ స్ప్రే భగ్గున అంటుకునే సరుకు. అందుకని ఇంజన్ అప్పుడే మొదలుపెట్టి ఇంకా వేడెక్కకముందే, చుక్క చుక్కగా, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకుని చేయాలి. ఇరుసు రంధ్రాన్ని పెద్దది చేసి బుష్ వేయడం లేత్ ఉన్నవాళ్ల పని. బయట చేయించుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు.

రెండో దొంగ, వంగిపోయిన ఫ్లాంజ్. నట్లు అతిగా బిగించడం వల్ల కార్బురేటర్ అడుగు విల్లులా వంగుతుంది. నిటారు పట్టీ పెట్టి చూస్తే కింద సందు కనపడుతుంది. అద్దం మీద గరుకు కాగితం పరిచి రుద్దితే చాలావరకు సరవుతుంది.

శుభ్రం చేసేటప్పుడు జెట్‌లో తీగ దూర్చొద్దు. ఇత్తడి మెత్తనిది, రంధ్రం కొలత చెడిపోతే ఆ జెట్ పనికిరాదు. ద్రావకంలో నానబెట్టి గాలి కొట్టాలి. నెలల తరబడి నిలిచిన పెట్రోలు ఆరి వార్నిష్‌లా అతుక్కునే చోట్లు సన్నని ఐడ్లింగ్ దారులే. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను, డయాఫ్రమ్‌లను మెత్తబరుస్తుంది. నీటిని కూడా పీల్చుకుంటుంది కాబట్టి ఎక్కువకాలం నిలబెట్టే బండిలో ఫ్లోట్ బౌల్ ఖాళీ చేసి ఉంచడం మేలు. రబ్బరు భాగాలు మార్చేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునేవే అడిగి తీసుకోండి.

వేడికి మొరాయించడం అనే గొడవ మాత్రం కార్బురేటర్‌ను ఎంత బాగా సెట్ చేసినా పూర్తిగా పోదు. ఇంజన్ ఆపాక పైకి వచ్చే వేడికి బౌల్‌లో పెట్రోలు మరుగుతుంది. కార్బురేటర్ కింద వేడిని అడ్డే మందపాటి స్పేసర్, ఎగ్జాస్ట్‌కూ దానికీ మధ్య ఒక రేకు, పెట్రోలు గొట్టాన్ని ఇంజన్‌కు దూరంగా తిప్పడం, ఈ మూడూ చేస్తే చాలావరకు తగ్గుతుంది.

ఇంజెక్షన్: పెట్టె బయట ఉన్న పని

ఇంజెక్షన్ కొత్త సంగతేమీ కాదు. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌లోనే మెకానికల్ ఇంజెక్షన్ ఉంది. 1967లో బాష్ వారి డీ-జెట్రానిక్ ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో వచ్చాక ఎలక్ట్రానిక్ పద్ధతి నిలదొక్కుకుంది. 1976లో వోల్వో కార్లలో లాంబ్డా సెన్సార్ వచ్చింది. పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి మిశ్రమాన్ని క్షణక్షణం దిద్దుకోవడం అప్పటినుంచే. బరువులో ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండటానికి 14.7 వంతుల గాలి కావాలి, పూర్తి శక్తి లాగేటప్పుడు 12.5 నుంచి 13 దాకా తగ్గిస్తే ఇంజన్‌కు హాయి. స్థిరమైన జెట్లు ఉన్న కార్బురేటర్ ఈ రెంటి మధ్య ఒక రాజీ మాత్రమే చేయగలదు.

తేడా బాగా తెలిసేది కొండ ఎక్కినప్పుడు. 2000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 18 శాతం తక్కువ. కార్బురేటర్‌కు ఆ సంగతి తెలియదు, పెట్రోలు పాలు ఎక్కువై మిశ్రమం దాదాపు పదో వంతు చిక్కబడుతుంది, నల్లపొగ, నీరసం. ఇంజెక్షన్ తన లెక్క తానే మార్చుకుంటుంది. చలిలో చోక్ గొడవ ఉండదు. పెట్రోలు లైనులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి మరిగి ఆవిరయ్యే సమస్య బాగా తగ్గుతుంది.

ఆ ఒత్తిడే మిగతా ఖర్చంతా తెచ్చిపెడుతుంది. పాత డయాఫ్రమ్ పంపు ఇచ్చేది 0.2 నుంచి 0.35 బార్. ఇప్పటి కిట్లు అడిగేది 3 నుంచి 4 బార్, అంటే దాదాపు పది రెట్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ. పాత రబ్బరు గొట్టం, స్క్రూ క్లిప్పు దానికి నిలబడవు. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఇంజెక్షన్‌కు తగిన గొట్టాలే వేయాలి, ఎక్కువ వాటికి తిరుగు లైను కూడా కావాలి. చాలా పాత ట్యాంకుల్లో దీనికి తగిన అడ్డుగోడలుండవు. మలుపులో పెట్రోలు పక్కకు పోతే పంపు గాలి పీలుస్తుంది, ఇంజన్ టక్కున ఆగుతుంది. అందుకని ట్యాంకులో బాఫిల్ (అడ్డుగోడ) కట్టించాలి లేదా మధ్యలో ఎప్పుడూ నిండుగా ఉండే చిన్న సర్జ్ ట్యాంకు పెట్టాలి. పెట్రోలు ఆవిరి నిండిన ట్యాంకుకు వెల్డింగ్ ఇంట్లో చేయకూడదు. ఈ ఒక్క విషయంలో ఎంత ధైర్యవంతుడైనా నిపుణుడి దగ్గరికి పోవాలి. యాక్సిడెంట్ అయితే లేదా ఇంజన్ ఆగితే పంపు దానంతటదే ఆగిపోయేలా రిలే వైరింగు కూడా తప్పనిసరి.

ఇక కరెంటు. చాలా పాత కార్లలో ఉన్న డైనమో 20 నుంచి 25 ఆంపియర్లు ఇస్తుంది, అదీ ఇంజన్ వేగంగా తిరిగినప్పుడే. పంపుకే 5 నుంచి 8 ఆంపియర్లు పోతాయి. రెండు 55 వాట్ల హెడ్‌లైట్లకు ఇంకో తొమ్మిది. వైపర్లు, ఇంజెక్షన్‌ను నడిపే కంట్రోల్ యూనిట్, సెన్సార్ హీటరు కలిస్తే రాత్రి వానలో ట్రాఫిక్‌లో బ్యాటరీ దిగిపోతూనే ఉంటుంది. డైనమో తీసి ఎక్కువ కరెంటిచ్చే ఆల్టర్నేటర్‌కు మారకుండా ఇంజెక్షన్ పెట్టడం అర్థం లేని పని. పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలిపి) ఉన్న బండి అయితే పోలారిటీ కూడా మార్చాలి. కాపర్ కోర్ ప్లగ్ వైర్లు పుట్టించే అలజడికి కంట్రోల్ యూనిట్ తికమకపడుతుంది, వాటి స్థానంలో రెసిస్టివ్ వైర్లు వేయాలి.

ఒక తమాషా ఏమిటంటే, కార్బురేటర్ క్షమించే పాత తప్పుల్ని ఇంజెక్షన్ క్షమించదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర చిన్న చీలిక ఉంటే కార్బురేటర్ బండి కాస్త చప్పుడు చేస్తూ నడిచిపోతుంది. ఇంజెక్షన్ బండిలో ఆ చీలికలోంచి దూరిన గాలిని లాంబ్డా సెన్సార్ చూసి మిశ్రమం పలచగా ఉందనుకుంటుంది, కంట్రోల్ యూనిట్ పెట్రోలు పెంచుతుంది, మైలేజీ కూలుతుంది.

కార్బురేటర్ ఉన్న చోటే కూర్చునే థ్రాటిల్ బాడీ కిట్, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టరు అని ఇందులో రెండు రకాలు. మొదటిది బిగించడం సులువు, మానిఫోల్డ్ పాతదే. రెండోది ఫలితంలో మెరుగు, పనిలో రెండింతలు. మామూలు ఇంజన్‌కు మొదటిదే చాలు.

ఇద్దరూ చెప్పని మూడో దారి

కార్బురేటర్ ఉంచుకుని, ఎగ్జాస్ట్ పైపుకు ఒక బుష్ వెల్డ్ చేయించి, గాలి, పెట్రోలు పాళ్లను అంకెల్లో చూపే వైడ్‌బ్యాండ్ లాంబ్డా గేజి పెట్టడం ఇందాకటి రెంటికీ మధ్య దారి. సెన్సార్‌ను పైపుకు పైవైపుగా, అడ్డగీతకు కనీసం పది డిగ్రీలు ఎత్తుగా పెట్టాలి, లేకపోతే లోపల చేరే నీటికి పగులుతుంది. ఇంతకాలం ప్లగ్ రంగు చూసి, పొగ వాసన చూసి ఊహించినదంతా ఇప్పుడు అంకెల్లో కనపడుతుంది. ఐడ్లింగ్‌లో ఎంత, నిలకడగా పోయేటప్పుడు ఎంత, పూర్తిగా తొక్కితే ఎంత అని చూసి ఏ జెట్ మార్చాలో తేల్చుకోవచ్చు. సాయంత్రాలు గడపడానికి ఇంతకంటే మంచి కాలక్షేపం లేదని నా అభిప్రాయం. పైగా రేపు ఎప్పుడో ఇంజెక్షన్‌కు మారినా ఆ బుష్ వృథా పోదు.

దారిలో ఆగిపోయినప్పటి సంగతి కూడా తూచాలి. కార్బురేటర్ బండి కుంటుతూనైనా ఇల్లు చేరుస్తుంది, మూత విప్పి మురికి తీస్తే సగం సార్లు నడుస్తుంది. ఇంజెక్షన్ బండి చాలా అరుదుగా ఆగుతుంది, ఆగిందా, ఫ్యూజు, రిలే చూశాక చేతిలో ల్యాప్‌టాప్ లేకపోతే చేసేది తక్కువ. రోజూ నడిపే బండికి మొదటి గుణం కంటే రెండోది మేలు. వారానికోసారి బయటికి తీసే బండికి తారుమారు.

కాబట్టి రోజూ ఆఫీసుకు తిరిగే పాత కారు, తరచూ కొండ దారులు ఎక్కేది, పెద్ద కామ్, టర్బో లాంటివి పెట్టి ఇంజన్ మార్చేసినది అయితే ఇంజెక్షన్‌కే నా ఓటు, ట్యాంకు పని, ఆల్టర్నేటర్ ముందు పూర్తి చేస్తే. అరుదైన మోడలు, కంపెనీ నుంచి వచ్చిన స్థితిలోనే ఉన్నది అయితే కార్బురేటర్‌ను ముట్టుకోవద్దు. మిగతా అన్నిటికీ మూడో దారి. ఏ మార్పు చేసినా బాడీకి రంధ్రాలు వేయకుండా, పాత బ్రాకెట్లు కోయకుండా చేయండి. విప్పిన భాగాలకు పేర్లు రాసి డబ్బాలో దాచండి. మీ చోట బండి తనిఖీకీ బీమాకూ ఇంజన్ మార్పులు చెప్పాల్సి ఉంటే ముందే కనుక్కోండి.

ఎవరో సగం చేసి వదిలేసిన ఇంజెక్షన్ ఉన్న కారు చవగ్గా వస్తే? కిట్ ఏ కంపెనీదో చూడకముందు డిక్కీ తెరిచి ట్యాంకు దగ్గర గొట్టం మీద అచ్చు వేసి ఉన్న రేటింగ్ చదవండి. మామూలు పెట్రోలు గొట్టం, స్క్రూ క్లిప్పులు కనపడితే మిగతా పని కూడా అదే శ్రద్ధతో చేసి ఉంటారు. అప్పుడు ఆ కిట్ విలువ సున్నా అనుకుని బేరం ఆడండి. ఇంటికి తేవాలంటే ఇంజన్ వేసి నడపకుండా లారీ మీద ఎక్కించి తెండి.