వాల్వ్ మార్చాక ఏళ్ళ తరబడి తీయించుకున్న ఎకోలు: నా రివ్యూ

చిన్నప్పటి రుమాటిక్ జ్వరం పుణ్యమా అని 2012లో నాకు గుండెలో ఎడమ వైపు రెండు గదుల మధ్యుండే మిట్రల్ వాల్వ్ తీసేసి రెండు రెక్కల మెకానికల్ వాల్వ్ పెట్టారు. అప్పట్నుంచీ హైదరాబాద్‌లో ఎకో (గుండెకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) గదులు చాలానే చూశాను. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఎసిట్రాం మాత్ర గురించీ, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష గురించీ అందరూ చెబుతారు, స్కానింగుల సంగతి చెప్పేవాళ్ళే తక్కువ.

మామూలు టూడీ ఎకోతో నొప్పి లేదు, రేడియేషన్ లేదు, ఆ చల్లటి జెల్ ఒక్కటే చిరాకు. అయితే దాని విలువంతా మొదటి రిపోర్టులో ఉంది. ఆపరేషన్ అయిన ఒకటి నుంచి మూడు నెలల్లో తీసేదే బేస్‌లైన్, అంటే తర్వాతి రిపోర్టులన్నీ పోల్చి చూసుకునేది, దాన్ని ప్రాణంలా దాచుకోండి. పెట్టిన వాల్వ్ ఎంత మంచిదైనా సొంత వాల్వంత ధారాళంగా రక్తాన్ని వదలదు, రకాన్నీ సైజునూ బట్టి గ్రేడియెంట్ (వాల్వ్‌కి అటూ ఇటూ ఉన్న ఒత్తిడిలో తేడా, mmHgలో చెబుతారు) ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. నాది మొదట్నుంచీ 4 దగ్గరే. మిట్రల్ వాల్వ్‌కి సగటు గ్రేడియెంట్ 5 లోపుంటే నిశ్చింత, 10 దాటితే ఎందుకో తేల్చాల్సిందే.

ఒకసారి లిఫ్ట్ పనిచేయక మెట్లన్నీ ఎక్కి, రొప్పుతూ వెళ్ళి పడుకుంటే 8 వచ్చింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. టెక్నీషియన్ అమ్మాయి మాత్రం స్క్రీన్ మూలన హార్ట్ రేటు చూసి, "ఆంటీ, నూట రెండుంది, కాసేపు బయట కూర్చుని రండి" అంది. మళ్ళీ తీస్తే రేటు 76, గ్రేడియెంట్ 5! గుండె వేగంగా కొట్టుకుంటే వాల్వ్ తెరుచుకుని ఉండే టైము తగ్గుతుంది, అంత రక్తమూ ఆ కాస్త టైములోనే దాటాలి కాబట్టి అంకె పెరుగుతుంది. హార్ట్ రేటు రాయని గ్రేడియెంట్‌ని నేనిప్పుడు లెక్కలోకే తీసుకోను. మా ఇంటి దగ్గర ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్ళైతే అసలు అంకే వేయకుండా "వాల్వ్ బాగా పనిచేస్తోంది" అని ఒక్క ముక్క రాసిచ్చారు, డబ్బులు మాత్రం ఫుల్లుగా తీసుకున్నారు.

టూడీ ఎకోకి పెద్ద లోపం, మెకానికల్ వాల్వ్ నీడ. ఛాతీ మీంచి చూస్తే వాల్వ్ వెనకున్న ఎడమ కర్ణిక ఆ నీడలో పడిపోతుంది, లీకేజీ ఉన్నా కనిపించకపోవచ్చు. అప్పుడు గొంతులోంచి గొట్టం వేసి వెనక నుంచి చూస్తారు, అదే టీఈఈ. మొన్నామధ్య ఐఎన్‌ఆర్ 1.7కి పడిపోయి (నాకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి), ఆయాసం మొదలై, కాసేపు కూర్చోబెట్టాక తీసినా గ్రేడియెంట్ 9 చూపిస్తే, గడ్డ కట్టిందేమోనని నాకూ చేశారు. పరగడుపున వెళ్ళాలి, గొంతులో చేదు స్ప్రే కొడతారు, పళ్ళ మధ్య ప్లాస్టిక్ ముక్క పెడతారు, గొట్టం దిగేటప్పుడు కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. హాయిగా ఉంటుందని చెప్పను గానీ, కొద్దిసేపటి పనే. గొంతు తిమ్మిరి వదిలేదాకా మంచినీళ్ళు కూడా తాగనివ్వరు.

నాకు బాగా నచ్చింది ఫ్లోరోస్కోపీ. దీని పేరు పేషెంట్లలో చాలామంది విని కూడా ఉండరు. క్యాథ్ ల్యాబ్‌లో (యాంజియోగ్రామ్ చేసే గదిలో) పడుకోబెట్టి ఎక్స్‌రే కిందే వాల్వ్ కదలికను చూస్తారు, సూది లేదు, మందు ఎక్కించడం లేదు. రెండు రెక్కలూ తలుపుల్లా తెరుచుకుని మూసుకోవడం మానిటర్ మీద నా కళ్ళతో నేనే చూశాను. ఒక రెక్క ఇరుక్కుంటే ఇందులో ఇట్టే పట్టేస్తారు. అది గడ్డా, లేక ఏళ్ళ తరబడి వాల్వ్ చుట్టూ పెరిగిన కండా అన్నది తేలకపోతే సీటీ దాకా వెళ్తారు. నాకా అవసరం రాలేదు, రెక్కలు రెండూ బాగానే ఉన్నాయి. తీరా చూస్తే హిమోగ్లోబిన్ 7.8! రక్తం తగ్గితే గుండె ఎక్కువ పంపు చేయాల్సి వస్తుంది, దాంతో వాల్వ్‌లో తప్పు లేకపోయినా గ్రేడియెంట్ పెరుగుతుంది. ఐరన్ ఎక్కించాక అంకె మళ్ళీ దిగింది.

నడుం నొప్పికి ఎంఆర్ఐ రాస్తే సెంటర్ వాళ్ళు "వాల్వ్ ఉందా, అయితే కుదరదు" అన్నారు. పర్సులోంచి వాల్వ్ కార్డు తీసి చూపించాను. మోడల్ నంబరు చూసుకుని, వాళ్ళ డాక్టరుతో మాట్లాడి, మధ్యాహ్నానికి తీశారు.