ఎక్స్-ప్లేన్ 12లో సెస్నా 172: స్టాల్ అంచున ఎంతవరకు నమ్మవచ్చు

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ల గురించి రాసేవారు ఎక్కువగా మేఘాల అందాన్నీ, విమానాశ్రయాల అచ్చుగుద్దినట్టుండే భవనాలనూ వర్ణిస్తారు. ఈ సమీక్షలో ఆ రెండింటికీ చోటు లేదు. అమెరికాకు చెందిన లామినార్ రీసెర్చ్ సంస్థ 2022 చివరలో పూర్తి రూపంలో విడుదల చేసిన ఎక్స్-ప్లేన్ 12తో పాటే వచ్చే సెస్నా 172 చేతికి ఎలా లొంగుతుంది, వేగం పడిపోయి రెక్క స్టాల్ అయ్యే వేళ, అంటే గాలి రెక్కను వదిలేసి ఎత్తే బలం పడిపోయే వేళ ఎలా ప్రవర్తిస్తుంది అన్నవే ఇక్కడ పరిశీలించాను. నా తీర్పు ముందే చెబుతాను. స్టాల్ దాకా, ఆపైన దాని నుంచి కోలుకునే తొలి క్షణాల దాకా ఈ విమానాన్ని ధైర్యంగా నమ్మి సాధన చేయవచ్చు. స్టాల్ దాటి స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ కిందికి పడడంలోకి) దిగాక తెర మీద కనిపించేదాన్ని మాత్రం సగానికి సగం తగ్గించి తీసుకోవాలి.

కొలబద్దగా సెస్నా 172ను ఎంచుకోవడానికి కారణం దాని ప్రచారం కాదు. 1956లో మార్కెట్లోకి వచ్చిన ఈ విమానం ఇప్పటివరకు 44 వేలకు పైగా తయారైంది. మన దగ్గర శిక్షణ పొందిన పైలట్లలో కూడా చాలామందికి తొలి పాఠాలు చెప్పినది ఇదో, దీని చిన్న తమ్ముడు 152నో. అందువల్ల దీని హ్యాండ్‌బుక్‌లోని అంకెలు అందరికీ తెలిసినవే. సిమ్యులేటర్‌లో ఉన్నది 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్‌తో, 2,550 పౌండ్ల గరిష్ఠ బరువుతో ఎగిరే 172ఎస్ రకం. ఆ బరువులో, ఫ్లాప్స్ (రెక్క వెనుక అంచున కిందికి దించే పలకలు) లేకుండా, ఇంజిన్ పవర్ తీసేసి స్టాల్ చేస్తే వేగసూచిక మీద 48 నాట్లు కనిపించాలి. ఫ్లాప్స్ పూర్తిగా దించితే 40 నాట్లు.

పరీక్షకు ముందు చేయవలసిన పని ఒకటుంది, దాన్ని చాలామంది చేయరు. బరువు, ఇంధనం సరిచూసే మెనూలోకి వెళ్లి విమానాన్ని హ్యాండ్‌బుక్‌లో రాసిన బరువుకు తీసుకురావాలి. ఒక్క పైలట్, సగం ట్యాంకులతో ఎగిరితే మొత్తం బరువు సుమారు 2,000 పౌండ్ల దగ్గరే ఉంటుంది. స్టాల్ వేగం బరువు వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది కాబట్టి ఆ తేలిక విమానం హ్యాండ్‌బుక్ అంకె కంటే పదకొండు శాతం తక్కువ వేగం దాకా ఎగురుతూనే ఉంటుంది, ఉండాలి కూడా. ఇది గమనించకుండా సిమ్యులేటర్ తప్పు లెక్క వేస్తోందని కోప్పడడం న్యాయం కాదు. అలాగే 48 అన్నది సూచిక చూపే అంకె మాత్రమే. ఆ క్షణంలో సవరించిన వేగం 53 నాట్లు. ముక్కు బాగా పైకెత్తి ఉన్నప్పుడు వేగం కొలిచే పీటో గొట్టంలోకి గాలి ఏటవాలుగా రావడం, స్థిరపీడనం కొలిచే రంధ్రం దగ్గరి పొరపాటు కలిసి ఆ అయిదు నాట్ల తేడా తెస్తాయి. తెర మీది ముల్లును పుస్తకంతో పోల్చేటప్పుడు ఏ అంకెను దేనితో పోలుస్తున్నామో తెలిసి ఉండాలి.

ఇక ఎగరడం సంగతి. మామూలు వేగాల్లో ఈ 172 నెమ్మదస్తురాలు. ట్రిమ్ (చేతి మీది బరువు తీసి విమానాన్ని ఒక వేగంలో నిలిపే అమరిక) సరిగా పెట్టి చేతులు వదిలేస్తే ముక్కు కొంచెం పైకీ కిందికీ ఊగి, క్రమంగా ట్రిమ్ చేసిన వేగానికే చేరుకుంటుంది. ఫ్లాప్స్ దించిన ప్రతిసారీ ముక్కు పైకి లేస్తుంది, దాన్ని చేత్తో అణచి మళ్లీ ట్రిమ్ చేసుకోవాలి. హైవింగ్ (రెక్క పైన ఉండే) సెస్నాల స్వభావమే అది. థ్రాటిల్ (ఇంజిన్ పవర్ మీట) పూర్తిగా తోసినప్పుడు విమానం ఎడమకు లాగుతుంది, కాలితో కుడి రడ్డర్ (తోక మీది నిలువు పలక) ఇవ్వకపోతే విమానం పక్కకు జారడాన్ని చూపే బంతి మధ్యలో నిలవదు. ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపించవచ్చు గానీ, స్టాల్ దగ్గర పైలట్‌ను కాపాడేవీ ముంచేవీ ఇవే.

అసలు రుచి తెలిసేది స్లో ఫ్లయిట్‌లో. ఫ్లాప్స్ పూర్తిగా దించి, వేగాన్ని 50 నాట్ల చుట్టుపక్కలకు తగ్గించి, ఎత్తు మారకుండా ఎగరమంటే విమానం మొత్తం మరో మనిషైపోతుంది. ఇంకా నెమ్మదిగా పోవాలంటే ఇంకా ఎక్కువ పవర్ కావాలి. ముక్కు ఎత్తితే పైకెక్కడానికి బదులు కిందికి జారుతుంది. యోక్ (చేత్తో పట్టే స్టీరింగ్) తిప్పితే జవాబు ఆలస్యంగా వస్తుంది. నిండు బిందె నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచినట్టు ప్రతి కదలికా ముందుగా ఆలోచించి చేయాలి. యోక్‌ను ఎడమకు తిప్పగానే ముక్కు ఒక్క క్షణం కుడికి పోవడం, బంతి పక్కకు జారడం, ఎడమ రడ్డర్ కలిపితే గానీ మలుపు శుభ్రంగా మొదలు కాకపోవడం ఎక్స్-ప్లేన్ చక్కగా చూపిస్తుంది. నన్నడిగితే ఈ సాఫ్ట్‌వేర్ ధరకు న్యాయం చేసే భాగం ఇదే.

స్టాల్ సాధనకు నిజమైన పైలట్లు పాటించే నియమాన్నే ఇక్కడా పాటించడం మంచిది: నేల నుంచి కనీసం 1,500 అడుగుల పైనే కోలుకునేంత ఎత్తు ముందే ఉంచుకోవాలి. పవర్ పూర్తిగా తగ్గించి ఎత్తు నిలబెట్టడానికి యోక్‌ను కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూ పోతే, స్టాల్‌కు అయిదు నుంచి పది నాట్ల ముందే హెచ్చరిక హారన్ మొదలవుతుంది. నిజమైన విమానంలో ఆ శబ్దానికి కరెంటుతో పని లేదు. ఎడమ రెక్క అంచున ఉన్న చిన్న రంధ్రం దగ్గర గాలి పీడనం తగ్గి, గొట్టంలోంచి గాలిని లాగి ఒక రీడ్‌ను మోగిస్తుంది. సిమ్యులేటర్‌లో ఆ హారన్ తగిన సమయానికే వినిపిస్తుంది. దాని తర్వాత జరిగేది చూసి కొత్తవారు నిరాశ పడవచ్చు. ముక్కు ధడాలున కూలదు. యోక్ పొట్టకు ఆనేదాకా లాగి పట్టుకున్నా విమానం ముక్కును కాస్త వంచి, మళ్లీ ఎత్తి, మళ్లీ వంచుతూ, నిమిషానికి వందల అడుగుల చొప్పున దిగిపోతూ ఉంటుంది. ఇది లోపం కాదు. 172 రెక్క మొదలు కంటే కొన సుమారు మూడు డిగ్రీలు కిందికి మెలితిరిగి ఉంటుంది. అందుకే రెక్క మొదలు ముందుగా స్టాల్ అవుతుంది, విమానాన్ని పక్కలకు వాల్చే ఎయిలెరాన్లు ఉన్న కొన చివరిదాకా పనిచేస్తుంది. ప్రమాదం కూడా ఇందులోనే దాగి ఉంది: ముక్కు ఆకాశం వైపే ఉన్నా, కుదుపు పెద్దగా లేకున్నా విమానం స్టాల్‌లోనే ఉండి నేల వైపు పోతూ ఉంటుంది. ఎత్తు చూపే ముల్లును, నిటారు వేగం చూపే ముల్లును కలిపి చదవడం ఈ ఒక్క పరీక్షతోనే అలవాటవుతుంది.

కోలుకోవడంలో ఒక మెలిక ఉంది. ఫ్లాప్స్ పూర్తిగా దించి, నెమ్మది వేగానికి ట్రిమ్ చేసి ఉన్న స్థితిలో థ్రాటిల్‌ను ఒక్కసారి తోసేస్తే ముక్కు తనంతట తానే బలంగా పైకి లేస్తుంది. చేత్తో ముందుకు అణచకపోతే ఇంకో స్టాల్ ఖాయం. కాబట్టి ముందు యాంగిల్ ఆఫ్ అటాక్ (రెక్కకు గాలి తగిలే కోణం) తగ్గించాలి, తర్వాతే పవర్, ఆపైన ఫ్లాప్స్‌ను 20 డిగ్రీలకు, వేగం పుంజుకున్నాక మిగిలినవి. చక్కగా కోలుకున్నా 230 అడుగుల దాకా ఎత్తు పోవచ్చని హ్యాండ్‌బుక్ చెబుతుంది. ఈ క్రమాన్ని తప్పినవారిని ఎక్స్-ప్లేన్ వదిలిపెట్టదు.

పవర్ ఉంచి చేసే స్టాల్ మరో రకం. ప్రొపెల్లర్ గాలి తోక మీదుగా పోతుండడం వల్ల ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్‌కు బలం ఎక్కువ, ముక్కు చాలా పైకి లేస్తుంది, విమానం ఎడమకు తిరగాలని చూస్తుంది. కుడి రడ్డర్ చాలకపోతే స్టాల్ క్షణంలో ఎడమ రెక్క వాలుతుంది. అప్పుడు చేతులు సహజంగా యోక్‌ను కుడికి తిప్పుతాయి. అలా తిప్పితే వాలిన రెక్క మీది ఎయిలెరాన్ కిందికి దిగి ఆ రెక్క యాంగిల్ ఆఫ్ అటాక్‌ను మరింత పెంచుతుంది, అది ఇంకా లోతుగా స్టాల్ అవుతుంది. రెక్కను రడ్డర్‌తో ఆపాలన్న సూత్రాన్ని ఎన్నిసార్లు చదివినా కాళ్లకు పట్టదు, ఇక్కడ చేసి చూస్తే పడుతుంది.

మన ప్రాంతపు వాతావరణంలో చేయదగిన పరీక్ష ఒకటి చెబుతాను. హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 1,750 అడుగుల ఎత్తులో ఉంది. సిమ్యులేటర్‌లో ఉష్ణోగ్రతను మే నెల మధ్యాహ్నంలా 40 డిగ్రీలకు పెడితే అక్కడి గాలి అయిదు వేల అడుగులకు పైన ఉండే గాలి అంత పలచగా ఉంటుంది. నిండు బరువుతో ఉన్న 172 సముద్రమట్టం దగ్గర నిమిషానికి 730 అడుగులు ఎక్కగలిగేది, ఇక్కడ బద్ధకంగా కదులుతుంది. స్టాల్ వేగం సూచిక మీద మారదు గానీ, నేల మీదుగా నిజంగా పోయే వేగం సుమారు ఎనిమిది శాతం ఎక్కువ. కిటికీలోంచి చూసినప్పుడు వేగంగానే పోతున్నామనిపిస్తుంది, రన్‌వే వైపు చివరి మలుపులో పైలట్ ఇంకాస్త వెనక్కి లాగుతాడు. 45 డిగ్రీల వాలులో స్టాల్ వేగం 48 నుంచి 57 నాట్లకు, 60 డిగ్రీలలో 68కి చేరుతుందన్న సంగతి అప్పుడు గుర్తుండదు. ఈ పరీక్షను రన్‌వే దగ్గర కాకుండా, నాలుగు వేల అడుగుల ఎత్తులో ఒక ఊహా రన్‌వేను పెట్టుకుని చేసి చూడండి. మలుపు బిగించడానికి రడ్డర్ ఎక్కువిస్తే ఏ రెక్క ఎందుకు ముందు పడుతుందో అర్థమవుతుంది.

ఇంతవరకు మెచ్చుకున్నాను. స్పిన్ దగ్గర మాత్రం ఆగాలి. ఎక్స్-ప్లేన్ రెక్కనూ, తోకనూ, ప్రొపెల్లర్‌నూ చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలం చూపుతుందో ప్రతి క్షణం విడివిడిగా లెక్కగట్టి కూడుతుంది. గాలి రెక్కకు అంటుకుని ప్రవహిస్తున్నంతసేపు ఈ పద్ధతి బాగా నడుస్తుంది. స్టాల్ తర్వాత ప్రవాహం రెక్కను వదిలి సుడులు తిరుగుతుంది, రెక్క వెనుక రేగిన గాలి తోకనూ రడ్డర్‌నూ కప్పేస్తుంది, ఒక ముక్క మీది గందరగోళం పక్క ముక్కను మార్చేస్తుంది. దీన్ని ఇంటి కంప్యూటర్‌లో ఏ సిమ్యులేటరూ పూర్తిగా పట్టలేదు. అందుకే ఇక్కడి స్పిన్‌ను విధానం కంఠస్థం చేయడానికి వాడుకోవాలి తప్ప, ఎన్ని చుట్లలో ఆగుతుందో తేల్చుకోవడానికి కాదు. థ్రాటిల్ తగ్గించడం, ఎయిలెరాన్లు మధ్యలో ఉంచడం, తిరుగుడుకు ఎదురు రడ్డర్ పూర్తిగా ఇవ్వడం, ఆ తర్వాత యోక్‌ను గట్టిగా ముందుకు తోయడం, ఆగాక రడ్డర్ వదిలి మెల్లగా పైకి లాగడం అన్న వరుస మాత్రం అలవాటు చేసుకోదగినది. ఇంకో గుర్తు కూడా కళ్లకు నేర్పుకోవచ్చు: స్పిన్‌లో వేగసూచిక తక్కువ దగ్గరే తచ్చాడుతుంది, వేగం గబగబా పెరిగిపోతోందంటే అది స్పిన్ కాదు, స్పైరల్ (స్టాల్ లేకుండానే వాలి, సుడిగా దిగిపోవడం). 172 ఒకటి రెండు చుట్ల తర్వాత స్పైరల్‌లోకి జారిపోయే రకం, దానికి మందు వేరు.

చేతిలో పట్టుకున్న పరికరం సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. నిజమైన 172లో వేగం తగ్గేకొద్దీ యోక్ వదులవుతుంది, ట్రిమ్ చేసిన వేగం కంటే కిందికి పోతుంటే వెనక్కి లాగే బరువు పెరుగుతుంది. పైలట్ స్టాల్‌ను సగం చేతితోనే పసిగడతాడు. స్ప్రింగు జాయ్‌స్టిక్‌కు ఇవేవీ తెలియవు, అది 120 నాట్ల దగ్గరా 45 నాట్ల దగ్గరా ఒకే బిగువుతో ఉంటుంది. చౌకగా దొరికే జాయ్‌స్టిక్‌లో మధ్య భాగం వదులుగా ఉంటే స్లో ఫ్లయిట్‌లో ముక్కు అటూ ఇటూ ఊగిపోతుంది, ఆ నింద సిమ్యులేటర్ మీద పడుతుంది. సెట్టింగుల్లో స్పందన వక్రరేఖను కొంచెం వంచుకోవడం మేలు. స్థిరత్వం పెంచే స్లైడర్లు మాత్రం సున్నా దగ్గరే ఉంచాలి, లేకపోతే స్టాల్‌లో రెక్క వాలడాన్ని అవే దాచేస్తాయి. జాయ్‌స్టిక్ మెలితిప్పి రడ్డర్ ఇవ్వడం కంటే విడిగా పెడల్స్ కొనడం ఈ విమానానికి ఎక్కువ అవసరం. ఖర్చు పెట్టేది ఒక్కదాని మీదే అయితే అది పెడల్స్ మీదే పెట్టండి.

కంప్యూటర్ బలహీనమైతే ఇంకో చిక్కుంది. తెర మీద సెకనుకు సుమారు 20 ఫ్రేముల కంటే తగ్గితే ఎక్స్-ప్లేన్ లెక్క చెడకుండా కాలాన్నే నెమ్మదింపజేస్తుంది. అప్పుడు స్టాల్ నుంచి కోలుకోవడానికి నిజంగా దొరకని తీరిక దొరుకుతుంది. దృశ్యాల నాణ్యత తగ్గించైనా ఫ్రేములు 30కి పైన ఉంచుకోవాలి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ ఉచిత డెమో ఉంది. దాన్ని దించుకుని నగరాల మీద షికారు చేయకుండా, యాంగిల్ ఆఫ్ అటాక్ అంకెను తెర మీద చూపించే సదుపాయం తెరిచి, బరువు సరిచేసుకుని, ముందు స్లో ఫ్లయిట్, తర్వాత పవర్ లేని స్టాల్ చేసి చూడండి. పెడల్స్ లేకుండానే బంతి మధ్యలో నిలిచిందంటే స్థిరత్వం స్లైడర్ ఎక్కడైనా పైకి జరిగి ఉందేమో చూసుకోండి.