ఐపీఎస్ ఆగినా నెట్ ఆగకూడదంటే: బైపాస్ స్విచ్ గురించి, చాలాకాలం వాడాక

వరంగల్‌లో మేం చూసుకునే ఆసుపత్రి నెట్‌వర్క్‌లో రౌటర్‌కీ కోర్ స్విచ్‌కీ (లోపలి నెట్‌వర్క్ అంతా కలిసే ప్రధాన స్విచ్) మధ్య ఐపీఎస్ ఉంది. అంటే వచ్చేపోయే ట్రాఫిక్‌ను చూసి దాడులను ఆపే పరికరం. దానికి తోడుగా, అది ఆగితే ట్రాఫిక్‌ను పక్క దారిలో పంపే బైపాస్ స్విచ్ పెట్టి కొన్నేళ్లయింది. కొనొచ్చా అని అడిగితే నా జవాబు: తప్పకుండా కొనండి. కాకపోతే ర్యాక్‌లో బిగించి వదిలేస్తే మాత్రం డబ్బు దండగ.

బయటికెళ్లే ట్రాఫిక్ అంతా ఐపీఎస్ గుండానే పోతుంది. అది ఆగితే ఆరోగ్యశ్రీ అనుమతులు ఆగుతాయి, ఇన్సూరెన్స్ ఆగుతుంది. కౌంటర్ దగ్గర రోగి తాలూకు మనిషి కాగితాలు పట్టుకుని నిలబడే ఉంటాడు. ఆ టెన్షన్ మాకు బాగా తెలుసు.

బైపాస్ స్విచ్ ఐపీఎస్‌లోకి ఒక పోర్టు నుంచి చిన్న హార్ట్‌బీట్ ప్యాకెట్ పంపి, అవతలి పోర్టు నుంచి తిరిగి వస్తోందా అని ఎప్పటికప్పుడు చూస్తుంది. వరసగా కొన్ని రాకపోతే ఐపీఎస్‌ను పక్కకు తప్పించి రౌటర్‌నీ కోర్‌నీ నేరుగా కలిపేస్తుంది. ఐపీఎస్‌లోనే బైపాస్ కార్డు ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కరెంటు పోతే పనికొస్తుంది. కానీ లైట్లన్నీ వెలుగుతూ ప్యాకెట్లు మాత్రం కదలని స్థితి ఒకటుంది, దాన్ని పట్టుకునేది ఈ హార్ట్‌బీటే. పైగా ఐపీఎస్‌ను రిపేరుకు పంపినా, పట్టపగలు అప్‌గ్రేడ్ చేసినా ఎవరికీ తెలియలేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

బైపాస్ స్విచ్‌కే కరెంటు పోతే లోపలి రిలేలు (కరెంటుతో పనిచేసే చిన్న మీటలు) పడి దారి కలుస్తుంది. రాగి కేబుల్ అయితే అప్పుడు రెండు వైపులా లింక్ ఒకసారి పడి లేస్తుంది, కొన్ని సెకన్లు పోతాయి. పక్క స్విచ్‌లో పాత స్పానింగ్ ట్రీ (ట్రాఫిక్ ఒకేచోట గిరగిరా తిరగకుండా పోర్టులను ఆపి చూసే పద్ధతి) ఉంటే లిజనింగ్ 15, లెర్నింగ్ 15, మొత్తం ఇంకో 30 సెకన్లు. ఆ పోర్టుల సెట్టింగ్ ముందే సరిచూసుకోవాలి. ఇంకోటి, రిలే పడ్డాక రెండు కేబుళ్లూ ఒకే కేబుల్ కింద లెక్క. రెండూ కలిపి 100 మీటర్లు దాటకూడదు. ఫైబర్‌లోనూ అంతే, రెండు వైపుల కాంతి నష్టమూ, బైపాస్ స్విచ్‌లో నష్టమూ కలిపి చూడాలి.

దీనికి చేతకానిదీ ఉంది. ఐపీఎస్ హార్ట్‌బీట్‌ను పోనిస్తూ, తప్పు సిగ్నేచర్ (దాడిని గుర్తుపట్టే నమూనా) వల్ల అసలు ట్రాఫిక్‌ను ఆపేస్తుంటే దీనికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. రక్షణ నియమాలే సర్వీసును ఆపేయగలవని 2019 జులై 2న ప్రపంచమంతా చూసింది. క్లౌడ్‌ఫ్లేర్ వెబ్ ఫైర్‌వాల్‌లో ఒక్క నియమం సీపీయూలను దాదాపు 100 శాతానికి తీసుకెళ్లి సుమారు 27 నిమిషాలు సేవలను దెబ్బతీసింది. అందుకే మనిషి చేత్తో బైపాస్‌లోకి మార్చే దారి ఉండాలి, ఆ అధికారం రాత్రి డ్యూటీలో ఎవరిదో కాగితం మీద ఉండాలి.

నాట్ (NAT) చేసే, అంటే లోపలి ప్రైవేట్ అడ్రసులను బయటి అడ్రసుగా మార్చే ఫైర్‌వాల్‌కు ఇది పెట్టకండి. దాన్ని తప్పిస్తే ప్రైవేట్ అడ్రసులు బయటికి పోలేవు. దానికి రెండో ఫైర్‌వాల్‌ను జతగా పెట్టడమే మార్గం.

నాకు నిజంగా భయం వేసేది మరొకటి. బైపాస్‌లోకి వెళ్లాక నెట్ చక్కగా నడుస్తుంది, ఎవరూ ఫోన్ చేయరు. ట్రాఫిక్‌ను చూసేవాడు లేడన్న సంగతి మాత్రం మరుగున పడిపోతుంది. మేం ఎస్ఎన్ఎంపీ ట్రాప్‌ను (పరికరం తనంతట తాను పంపే హెచ్చరిక) నేరుగా డ్యూటీ ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా పెట్టుకున్నాం. తిరిగి ఐపీఎస్ గుండా పంపడం ఆటోమేటిక్‌గా వద్దని ఆపేశాం. ఎందుకంటే బూట్ అవుతున్న ఐపీఎస్ పోర్టులు ముందే లేచి, నియమాలు ఇంకా లోడవుతుండగానే ట్రాఫిక్ తీసుకుని మళ్లీ పడిపోయేది.

కొనేముందు అమ్మేవాళ్లను మీ ర్యాక్ దగ్గరికే పిలిపించండి. బైపాస్ స్విచ్ రెండు పవర్ కేబుళ్లూ పీకించండి, తర్వాత ఐపీఎస్ కేబుల్ ఒకటి పీకించండి. ఎన్ని పింగ్‌లు (లింక్ ఉందో లేదో చూసే చిన్న ప్యాకెట్లు) పోయాయో మీరే లెక్కపెట్టుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి.