ప్రచారమా, పార్టీయా: ఈజిప్టు, ట్యునీషియాల రెండు దారులు
మత ప్రచారాన్నీ ఎన్నికల రాజకీయాన్నీ కలిపే నడపాలా, విడదీయాలా అన్న ప్రశ్నకు ఈజిప్టులోని ముస్లిం బ్రదర్‌హుడ్, ట్యునీషియాలోని ఎన్నహ్దా అనే రెండు ఇస్లామిక్ ఉద్యమాలు చెరో దారి పట్టాయి. 1928లో పుట్టిన బ్రదర్‌హుడ్ 2011లో పార్టీ పెట్టినా పగ్గాలను మాతృసంస్థ చేతిలోనే ఉంచింది. తన ఉత్తర్వులను కోర్టులు ప్రశ్నించరాదని, ఆ పార్టీ తరఫున గెలిచిన అధ్యక్షుడు మోర్సీ 2012 నవంబరులో ప్రకటించడంతో వ్యతిరేకత భగ్గుమంది, 2013 జూలైలో సైన్యం ఆయనను గద్దె దించింది. ఎన్నహ్దా మాత్రం, షరియాను, అంటే ఇస్లామిక్ ధర్మశాస్త్రాన్ని, రాజ్యాంగంలో చేర్చాలని సొంతవారిలోనే కొందరు పట్టుబట్టినా, దేశ మతం ఇస్లాం అని మాత్రమే చెప్పే 1959 రాజ్యాంగంలోని మొదటి అధికరణమే చాలునని 2012 మార్చిలో తేల్చింది. 2014లో నిపుణుల ప్రభుత్వానికి అధికారం అప్పగించి, 2016 మహాసభలో ప్రచారాన్ని రాజకీయం నుంచి వేరుచేసింది. నా దృష్టిలో ఈ రెండో దారే మెరుగైనది. అయినా, ఆ పార్టీ నాయకుడు రాషిద్ ఘన్నూషీ 2023 ఏప్రిల్‌లో అరెస్టయ్యారు.