మెల్‌బోర్న్‌లో మా అమ్మాయికి అందిన తొలిదశ చికిత్స: రెండేళ్ల అనుభవం

మా అమ్మాయికి 17 ఏళ్లప్పుడు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు అదుపు తప్పే ఒక మానసిక రుగ్మత) అని తేలింది. అప్పటి నుంచి రెండేళ్లపాటు మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో యువతకోసం నడిచే ఒక ప్రభుత్వ క్లినిక్‌కు వెళ్లాము. ఈ నగరంలోనే, యువత మానసిక ఆరోగ్యంపై పనిచేసే ఒరిజెన్ సంస్థలో, మానసిక వైద్యుడు ఆండ్రూ చానెన్ ఆధ్వర్యంలో మొదలైన హైప్ క్లినిక్, 15 నుంచి 25 ఏళ్ల వారికి జబ్బు ముదరకముందే చికిత్స అందించే పద్ధతిని రూపొందించింది. మేము వెళ్లిన చోటా దాదాపు అదే పద్ధతి. 18 నిండకుండా ఈ పేరు పెట్టకూడదని ఒకప్పుడు చాలామంది వైద్యులు భావించేవారు. 2012 నాటి ఆస్ట్రేలియా మార్గదర్శకాలు మాత్రం, లక్షణాలు సరిపోతే 12–18 ఏళ్ల వారిలోనూ నిర్ధారించాలన్నాయి.

మొదటి సమావేశంలో దుబాసీ "వ్యక్తిత్వ లోపం" అనగానే మా వారు "అంటే మా పెంపకంలో తప్పుందనా?" అని అడిగారు. తెలుగులో ఆ మాట రోగం పేరులా కాక తిట్టులా వినిపిస్తుంది. సైకాలజిస్టు ఆ పేరును పక్కన పెట్టి, అమ్మాయికి కోపమూ భయమూ ఉప్పెనలా ముంచుకొస్తాయనీ, అవి చల్లారడానికి ఇతరులకంటే చాలా ఎక్కువసేపు పడుతుందనీ వివరించిన తరువాతే ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. మాత్రలు రాస్తారనుకున్నాము కానీ, ఈ రుగ్మతకంటూ ప్రత్యేకమైన మందు లేదన్నారు.

చికిత్స, బ్రిటన్‌లో ఆంథొనీ రైల్ రూపొందించిన కాగ్నిటివ్ అనలిటిక్ థెరపీ: సంబంధాల్లో పదేపదే ఎదురయ్యే తీరును మాటల ద్వారా గుర్తించి మార్చుకునే పద్ధతి. వారానికొకటి చొప్పున 16 సెషన్లు. నాలుగైదు సెషన్ల తరువాత సైకాలజిస్టు అమ్మాయికి ఒక ఉత్తరం రాసి చదివి వినిపించారు. దానితోపాటు ఇద్దరూ కలిసి గీసిన బొమ్మను ఆమే ఇంటికి తెచ్చి ఫ్రిజ్ తలుపుకు అంటించింది: "అమ్మ ఫోన్ ఎత్తలేదు" దగ్గర మొదలైన బాణం "నన్ను వదిలేసింది", "అరిచాను", "అమ్మ దూరం జరిగింది" మీదుగా తిరిగి మొదటికే చేరుతుంది. ఆ చక్రంలో నా పేరు రెండుసార్లు చూడటం కష్టంగానే అనిపించింది.

అయినా నా లెక్కలో ఎక్కువ మార్కులు థెరపీకి కాదు, కేస్ మేనేజరుకు. కాలేజీకి ఉత్తరం రాయడం, అపాయింట్‌మెంట్ ఎగ్గొట్టిన రోజు విసుక్కోకుండా మళ్లీ ఫోన్ చేయడం వంటి పనులన్నీ ఆమే చూసుకున్నారు. 139 మందితో చేసి 2022లో ప్రచురించిన మెల్‌బోర్న్ పరిశోధనలో, ఈ థెరపీ అందినవారూ అందనివారూ ఏడాది తరువాత చూస్తే దాదాపు ఒకే తీరున మెరుగుపడ్డారని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

లోటుపాట్లూ ఉన్నాయి. మొదటి పిలుపు రావడానికి 11 వారాలు పట్టింది, ఆ నమ్మకస్తురాలైన కేస్ మేనేజరు మధ్యలోనే బదిలీ అయ్యారు. అన్నిటికంటే పెద్ద లోటు, క్లినిక్ సేవలకు ఉన్న రెండేళ్ల గడువు. గడువు ముగిశాక మమ్మల్ని మా ఫ్యామిలీ డాక్టరుకు అప్పగించి ఫైలు మూసేశారు. ఆ తరువాత నాలుగో నెలలో ఒక రాత్రి పరిస్థితి అదుపు తప్పి అత్యవసర విభాగానికి వెళ్లవలసి వచ్చింది. అక్కడ ముక్కూ మొహం తెలియని వైద్యుడికి కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక, అమ్మాయి ఫోన్ తీసి ఫ్రిజ్ మీది బొమ్మ ఫొటో చూపించింది.