ఫిన్నీ కాలపు తెల్ల జెర్సీ: ఒక సమీక్ష

1946 నుంచి 1960 వరకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కే ఆడి, 433 లీగ్ మ్యాచ్‌లలో 187 గోల్స్ చేసిన టామ్ ఫిన్నీ కాలపు జెర్సీకి నకలుగా వచ్చిన ఈ చొక్కా, మందపాటి నూలు బట్టతో, వీపున పేరు లేకుండా 7 అంకె మాత్రమే ఉండి, ప్రకటనల ముద్రలేవీ లేకుండా ఆ రోజులకు చాలావరకు న్యాయం చేసింది. మెడపట్టీ కుట్టు మాత్రం కొద్ది ఉతుకులకే ఊడివచ్చింది. ఈ ధరకు అది క్షమించదగిన లోపం కాదు.

జతగా ఇచ్చిన చిన్న పుస్తకం గోల్స్‌ను ఏకరువు పెట్టిందే తప్ప, ఆటగాళ్ల జీతాలకు గరిష్ఠ పరిమితి ఉన్న ఆ కాలంలో ఆయన ప్లంబర్ పని కూడా చేసుకున్న సంగతిని, 1952లో ఇటలీ క్లబ్బు పలెర్మో భారీ మొత్తం ఇవ్వజూపినా ప్రెస్టన్ ఆయనను వదలని సంగతిని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. ఆసక్తికరమైన కథంతా అక్కడే ఉంది కదా! నూలు కుదించుకుపోతుంది కాబట్టి, తొడుక్కోవడానికి కొనేవారు ఒక సైజు పెద్దది తీసుకోవడం మంచిది.