ఏసీకి మీటరు పెట్టిన మైపాడు స్టే, రెండు రాత్రులు ఉండొచ్చాం

నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు, సాయంత్రం ఇంటికొచ్చి పడుకోక గదులెందుకురా అని మా అమ్మ అననే అనింది. అయినా ఫిబ్రవరిలో రెండో శనివారం కలిసొచ్చిందని నేను, మా ఆవిడ, పిలకాయలిద్దరు, అక్కా బావా అందరం శుక్రవారం సాయంత్రమే ఎలబారి పోయి ఆదివారం దాకా ఉన్నాం. సర్వి తోట పక్కన నాలుగు గదుల ఇల్లు, నడిపేది ఒకక్క, గది రోజుకి 1,600, సముద్రానికి నడిచి అయిదు నిమిషాలు.

ముందు ఏసీ సంగతి చెప్పాల. గది రేటులో ఏసీ లేదు, ప్రతి గది తలుపు పక్కన చిన్న మీటరుండాది, దిగేటప్పుడు ఆ అక్కే పిలిచి రీడింగ్ చూపించి మన ఫోన్లోనే ఫోటో తీసుకోమంటది, పోయేటప్పుడు మళ్ళీ చూసి యూనిట్‌కి 12 రూపాయలు. మా బావకి ఫిబ్రవరిలో కూడా ఏసీ లేందే నిద్రపట్టదు, "గది ఇచ్చినాక కరెంటుకి మళ్ళీ లెక్కేందబ్బా, ఇదేం కక్కుర్తి" అని కాసేపు గొణిగాడు. అదే మనిషి శనివారం పొద్దున మోకాలి లోతు నీళ్ళల్లో ఉండగా ఏసీ ఆపలేదని గుర్తొచ్చి తడి లుంగీతోనే గదికి పరిగెత్తాడు. మా అక్క ఇరవై ఏళ్ళుగా అరుస్తున్నా ఇంట్లో ఒక్క ఫ్యాను ఆపింది లేదు. మొదటి రాత్రికి 11 యూనిట్లు, రెండో రాత్రికి 8, మొత్తం 228 కట్టాడు, తగ్గిన మూడు యూనిట్ల గురించి దారంతా చెప్తానే ఉన్నాడు.

బాత్రూమ్‌లో చేత్తో రాసిన కాయితం ఒకటి అంటించి ఉండాది. "ఈ గదిలో దిగినోళ్ళు చాలామంది రెండోరోజు కూడా అదే తువాలు వాడుకున్నారు, కొత్తది కావాలంటే పాతది బకెట్లో వెయ్యండి" అంతే, భూమిని కాపాడండి, ప్రకృతి మన తల్లి లాంటి మాట ఒక్కటి లేదు. నాకు ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది, అమెరికాలో గోల్డ్‌స్టీన్, చాల్దీనీ అనే పరిశోధకులు ఒక హోటల్లో ఇదే పరీక్ష పెట్టి 2008లో అచ్చేశారు, పర్యావరణం కోసం అని రాస్తే నూటికి 35 మంది తువాలు మళ్ళీ వాడారంట, మిగతా గెస్టుల్లో ఎక్కువమంది వాడుతున్నారు అని రాస్తే 44 మంది, ఇంకోసారి ఈ గదిలోనే దిగినోళ్ళు వాడారు అని రాసి చూస్తే 49 దాకా పోయిందంట. ఇల్లు నడిపే అక్కని అడిగితే "అవన్నీ నాకు తెలీదబ్బయ్యా, చుట్టూ రొయ్యల గుంటలు, బోరు నీళ్ళు ఉప్పు, ఊరికే ఉతికితే తువాళ్ళు అట్టలైపోతుండాయి, అందుకు రాసినా" అనింది.

తాగేదానికి వరండాలో స్టీలు డ్రమ్ము, గాజు సీసాలు. తిరుమల కొండ మీద లాగా సీసాకి డిపాజిట్, ఇక్కడ 50, తెచ్చిస్తే తిరిగిస్తారు. మావాడొకటి పగలగొట్టాడు, పోయింది.

తిండికి వంక పెట్టేది లేదు. ఆ అక్క మధ్యాహ్నమే ఎంతమంది తింటారు, చేపలా ఎండ్రకాయలా అని తలకొక లెక్క రాసుకుంటది, చెప్పకుండా రాత్రి ఎనిమిదికి పోయి అడిగితే పెరుగన్నమే. బొమ్మిడాయిల పులుసు రాత్రి కొంచెం దాచమని పొద్దున ఇడ్లీలో వేసుకున్నాం, దానికోసమే ఇంకోసారి పోవచ్చు.

రాత్రి తొమ్మిదికి సముద్రం వైపు లైట్లన్నీ ఆర్పేస్తారు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలలు ఇవి, పొదిగి బయటికొచ్చే పిల్లలు వెలుతురు ఎటుంటే అటు పోతాయి, బల్బు వెలిగితే సముద్రం వదిలేసి ఊరి వైపుకి పాకతాయి అని పనబ్బాయి పిలకాయల్ని కూర్చోబెట్టి చెప్పాడు. మాకు ఒక్క తాబేలూ కనబళ్ళేదు గానీ మా పాప రెండు రాత్రులూ ఎవరు ఫోన్ టార్చి వేసినా ఊరుకోలా.

ఇప్పుడు నచ్చనివి. తడి చెత్తకి ఒకటి పొడి చెత్తకి ఒకటి రెండు డబ్బాలు పెట్టారు, మా ఆవిడ అరటి తొక్కకీ చిప్స్ ప్యాకెట్‌కీ తేడా చూసి పిలకాయలచేత వేయించింది, శనివారం సాయంత్రం అదే పనబ్బాయి రెండు డబ్బాలూ తెచ్చి పెరట్లో ఒకే డ్రమ్ములో బోర్లించాడు, నా కళ్ళతో చూశా. అడిగితే "రేపు ఏరతాం సార్" అన్నాడు, ఆదివారం మేము బయల్దేరేదాకా ఆ డ్రమ్ము అట్నే ఉండాది. మీటరంత పక్కాగా నడిపే మనిషి దీన్నెందుకు వదిలేసిందో మరి, పోయేటప్పుడు ఆ అక్కకి మొహమ్మీదే చెప్పా, తల ఊపింది. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకే. దోమలు మాత్రం మామూలుగా లేవు.

బుక్ చేసేటప్పుడు తోట వైపు గది అడగండి, వెనక గదికి జనరేటరు ఆనుకొని ఉండాది, శనివారం రాత్రి కరెంటు పోయినప్పుడు అక్కా బావా మా గదిలోకే వచ్చి కింద చాప పరుచుకున్నారు.